కరువులో కాలువ తవ్వించిన క్లౌ దొర

ఒంగోలు నుంచి గుంటూరు వైపు పెద్ద రోడ్డున పది మైళ్లు పోతే గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లి వస్తుంది. 1878 జులై 3వ తేదీన ఈ ఏటి నీళ్లలో ఒక్కరోజునే 2,222 మంది బాప్తిస్మం పొందారు. క్రైస్తవ మిషన్ల చరిత్ర రాసినవాళ్లు ఈ సంగతిని తప్పకుండా చెబుతారు. ఈ మాట వినగానే ఎవరికైనా ఒక అనుమానం వస్తుంది. అది కరువు కాలం కదా, తిండి కోసం మతం మారారేమోనని. ఆ అనుమానం అందరికంటే ముందు వచ్చింది ఆ పని జరిపించిన దొరకే. అందుకే ఆయన పదిహేను నెలల పాటు ఒక్కరికి కూడా బాప్తిస్మం ఇవ్వకుండా ఆపారు.

ఆ దొర పేరు జాన్ ఎవరెట్ క్లౌ. ఒంగోలు ప్రాంత పల్లెల్లో క్లౌ దొరగా పేరుపడ్డ మనిషి. దాదాపు నలభై అయిదేళ్లు తెలుగువాళ్ల మధ్య గడిపారు.

సుద్దగీత గీసిన కుర్రవాడు

క్లౌ 1836 జులై 16న అమెరికాలోని న్యూయార్క్ రాష్ట్రంలో ఫ్రూస్‌బర్గ్ అనే ఊరి దగ్గర పుట్టారు. వాళ్లది రైతు కుటుంబం. పిల్లవాడుగా ఉండగానే కుటుంబం బతుకుదెరువుకు పడమటి రాష్ట్రాలకు తరలిపోయింది. చిన్న వయసులోనే క్లౌ మిన్నెసోటా అడవుల్లో ప్రభుత్వ సర్వే బృందంలో చేరి భూముల కొలత నేర్చారు. ఈ విద్య ఇరవై ఏళ్ల తర్వాత ఒంగోలు దగ్గర వేలమందికి కూడు పెడుతుందని అప్పుడెవరికి తెలుసు?

వకీలు కావాలన్న కోరికతో ఆయన అయోవా రాష్ట్రంలోని బర్లింగ్టన్ కాలేజీలో చేరారు. అప్పట్లో ఆయనకు దేవుడి మీద గురి లేదు. ఒకే గదిలో ఉండే తోటి విద్యార్థి రోజూ బైబిలు చదివి ప్రార్థన చేస్తుంటే విసుగొచ్చి, గది మధ్యన సుద్దతో గీత గీశారు. ప్రార్థనలేవో గీతకు అవతలే చేసుకోమన్నారు. ఆ స్నేహితుడు కోపగించుకోకుండా తన వైపునే ప్రార్థన సాగించాడు. కొన్నాళ్లకు గీత గీసిన క్లౌయే మనసు మార్చుకుని బాప్టిస్టు సంఘంలో చేరారు.

ఆయన చేరిన బాప్టిస్టు సంఘం నమ్మకాలు కొన్ని ఇక్కడ చెప్పుకోవాలి. అవి తెలియకపోతే తర్వాత కథ తెలియదు. ఈ సంఘంలో పుట్టిన బిడ్డకు బాప్తిస్మం ఇవ్వరు. వయసు వచ్చిన మనిషి తానుగా ఏసుక్రీస్తును నమ్మానని పదిమంది ముందు ఒప్పుకుంటేనే ఇస్తారు. తల మీద నీళ్లు చల్లడం కాదు, మనిషిని పూర్తిగా నీటిలో ముంచి లేపుతారు. పాత బతుకు పోయి కొత్త బతుకు మొదలైందన్నది దాని అర్థం. ఈ సువార్త ఏ ఒక్క జాతికో కులానికో కాదని, లోకంలో ప్రతి మనిషికీ చెప్పవలసిందేనని వాళ్ల విశ్వాసం. అంటే బాప్తిస్మం తీసుకునేవాడి మనసు ముఖ్యం. భయానికో ఆశకో తీసుకుంటే అది చెల్లదు. వెల్లంపల్లి దగ్గర క్లౌ దొరను వేధించిన సమస్య ఇదే.

మూతబడబోయిన మిషన్

అమెరికన్ బాప్టిస్టులు తెలుగు దేశంలో పని మొదలుపెట్టింది 1836లో. శామ్యూల్ డే అనే మిషనరీ వచ్చి, 1840లో నెల్లూరులో స్థిరపడ్డారు. ఏళ్లు గడిచినా చేరినవాళ్లు వేళ్ల మీద లెక్కపెట్టేంతమందే. ఇంత ఖర్చు పెట్టి ఫలితం లేని చోట ఎందుకని 1853లో అమెరికాలో పెద్దలు సమావేశమై మిషన్‌ను మూసేద్దామా అని చర్చించారు. దేశపటం మీద బాప్టిస్టుల బర్మా కేంద్రాలన్నీ గుంపుగా ఉంటే నెల్లూరు ఒక్కటే దూరంగా ఉండేది. అందుకే దానికి ఒంటి నక్షత్రం అన్న పేరు పడింది. చివరకు మూయకుండా ఉంచారు.

నెల్లూరులో ఉన్న లైమన్ జ్యూయెట్ మిషనరీ 1854 జనవరి 1వ తేదీ తెల్లవారుజామున ఒంగోలు పక్కనున్న కొండ ఎక్కారు. వెంట ఆయన భార్య, నర్సు, జూలియా, రూతు అనే ముగ్గురు తెలుగువాళ్లు ఉన్నారు. ఒంగోలుకు ఒక మిషనరీని పంపమని అయిదుగురూ అక్కడ ప్రార్థన చేశారు. ఆ కొండకు ప్రార్థన కొండ అని పేరొచ్చింది.

1862లో మూసివేత మాట మళ్లీ లేచింది. అప్పుడు సెలవు మీద అమెరికాలో ఉన్న జ్యూయెట్ ససేమిరా అన్నారు. మిషన్ మూసినా తాను మాత్రం తెలుగువాళ్ల దగ్గరకే వెళ్లి అక్కడే చస్తానని తేల్చి చెప్పారు. ముసలాయన్ను ఒంటరిగా పంపలేక ఆయనకు తోడుగా ఒక యువకుడిని వెతికారు. ఆ యువకుడే క్లౌ. 1864 నవంబరు 30న ఇద్దరూ బోస్టన్‌లో ఓడ ఎక్కి 1865లో నెల్లూరు చేరారు. క్లౌ అక్కడ తెలుగు నేర్చుకుని, 1866 సెప్టెంబరులో భార్య హారియట్‌తో ఒంగోలు వచ్చి కాపురం పెట్టారు. అప్పటికి ఒంగోలు నెల్లూరు జిల్లాలో ఒక తాలూకా కేంద్రం.

దారి చూపిన తోళ్ల వ్యాపారి

క్లౌ ఒంగోలు రాకముందే ఆయన కోసం ఎదురుచూసిన మనిషి ఒకరున్నారు. ఆయన ఎర్రగుంట్ల పేరయ్య. తాళ్లకొండపాడుకు చెందిన మాదిగ. తోళ్ల వ్యాపారం చేసేవారు. గురువుల దగ్గర యోగం నేర్చి, దేవుడొక్కడేనన్న ఎరుకతో ఉన్న మనిషి. వ్యాపారం పని మీద ఏలూరు వైపు వెళ్లినప్పుడు అక్కడి మిషనరీల ద్వారా క్రీస్తు మాట విన్నారు. 1866లో ఒంగోలు వచ్చి జ్యూయెట్, క్లౌలను కలుసుకుని బాప్తిస్మం పొందారు. ఊరికి తిరిగిపోయి ఎవరూ చెప్పకుండానే పల్లె పల్లెకూ తిరిగి బోధించడం మొదలుపెట్టారు.

1867 జనవరి 1న ఒంగోలులో సంఘం ఏర్పడింది. సభ్యులు 8 మంది. అదే నెలలో పేరయ్య పిలుపు మీద క్లౌ తాళ్లకొండపాడు వెళ్లారు. చుట్టుపక్కల పల్లెల నుంచి పేరయ్య బోధ విన్నవాళ్లు తిండిగింజలు మూటగట్టుకుని వచ్చి చింతతోపులో దిగారు. కొన్నిరోజులు అక్కడే ఉండి నేర్చుకున్నారు. చివరి రోజున 28 మంది బాప్తిస్మం తీసుకున్నారు. నెల్లూరులో ఏళ్ల తరబడి పాటుపడినా ఇంతమంది ఒక్కసారిగా వచ్చింది లేదు.

ఇది దొర గొప్పతనం కాదు, పేరయ్య నడిచిన దారి. మాదిగలకు ఊరూరా చుట్టరికాలున్నాయి. పెళ్లికీ చావుకూ పోయినచోటల్లా ఈ మాట పాకింది. ఈ సంగతి క్లౌకు బాగా తెలుసు. అందుకే ఆయన ఆ తర్వాత కూడా పల్లె పెద్దల ద్వారా, తెలుగు బోధకుల ద్వారానే పని నడిపారు.

ఎవరిని ముందు చేర్చుకోవాలి?

ఒంగోలు వచ్చిన కొత్తల్లోనే క్లౌకు ఒక చిక్కు వచ్చిపడింది. ఊళ్లో పెద్ద కులాలవాళ్లు కొందరు ఆయన బోధ పట్ల ఆసక్తి చూపారు. బ్రాహ్మణుల పిల్లలు ఆయన బడికి వచ్చేవాళ్లు. అంతలో మాదిగలు రావడం మొదలైంది. వాళ్లను చేర్చుకుంటే తాము రామని పెద్దలు కచ్చితంగా చెప్పారు.

అప్పటి మిషనరీల్లో చాలామందికి ఒక ఆలోచన ఉండేది. ముందు పై కులాలవాళ్లు చేరితే కింది కులాలు వాటంతట అవే వస్తాయని. క్లౌ కూడా తర్జనభర్జన పడ్డారు. ఆ రోజు ఆయనొక గదిలో, భార్య ఇంకొక గదిలో బైబిలు తెరిచారు. ఇద్దరి ముందూ తెరుచుకున్నది కొరింథీయులకు రాసిన మొదటి పత్రికలోని ఒకే భాగం. దేవుడు జ్ఞానులనూ ఘనులనూ కాక, లోకం నీచంగా చూసేవాళ్లను ఏర్పరచుకుంటాడని చెప్పే భాగమది. ఇద్దరూ మాట్లాడుకుని ఆశ్చర్యపోయారు. ఇక సందేహం లేకపోయింది. వచ్చిన మాదిగలను చేర్చుకున్నారు. పెద్ద కులాల పిల్లలు బడి మానేశారు. ఆ తలుపు మళ్లీ చాలా ఏళ్లు తెరుచుకోలేదు. ఆ నష్టం తెలిసే ఆయన ఈ నిర్ణయం తీసుకున్నారు.

మూడు కట్టుబాట్లు

చేరినవాళ్లకు క్లౌ పెట్టిన కట్టుబాట్లు మూడే మూడు. ఆదివారం పని చేయకూడదు. చచ్చిన గొడ్డు మాంసం తినకూడదు. విగ్రహాలకు మొక్కకూడదు.

చెప్పుకోవడానికి చిన్నవే. పల్లె బతుకులో మాత్రం మూడూ మూడు గొడవలు తెచ్చాయి. ఆ రోజుల్లో చెప్పులు కుట్టడం, మోటకు తోలు బాన అమర్చడం, చచ్చిన గొడ్డును ఎత్తిపోయడం, జాతర్లో డప్పు కొట్టడం మాదిగల విధి. బదులుగా కళ్లంలో వాళ్లకు మేర గింజలు కొలిచేవాళ్లు. కోతల కాలంలో ఆదివారం పనికి రామంటే రైతుకు కోపం. జాతరకు డప్పు కొట్టమంటే ఊరందరికీ కోపం. అమ్మవారి కొలుపు ఆగితే వానలు పడవని, రోగాలొస్తాయని ఊరి భయం.

కొన్ని ఊళ్లలో మేర ఆపేశారు. పనికి పిలవడం మానేశారు. చాకలిని, మంగలిని పోనివ్వలేదు. దొంగతనాలు అంటగట్టి కేసులు పెట్టారు. క్లౌ గుర్రం మీద పల్లెలకు తిరిగి పెద్దలతో మాట్లాడేవారు. మాట వినని చోట అధికారులకు అర్జీలు పెట్టేవారు. రాజీ కుదిరిన ఊళ్లూ ఉన్నాయి, ఏళ్లపాటు పగ మిగిలిన ఊళ్లూ ఉన్నాయి. అన్నిటినీ ఓర్చుకుని నిలబడినవాళ్లతోనే కరువు నాటికి సంఘం మూడు వేలు దాటింది.

ధాత కరువు

1876లో వానలు పడలేదు. మరుసటి ఏడూ అదే తీరు. తెలుగు సంవత్సరం పేరు మీద ధాత కరువు అని పెద్దలు చెప్పుకునేది దీన్నే. మద్రాసు రాజధానిలో లక్షలమంది చనిపోయారు. కూలి మీద బతికేవాళ్లకు అందరికంటే ముందు ఇల్లు కూలింది. ధాన్యం ధర పెరిగింది, పొలంలో పని లేదు.

ప్రభుత్వం కరువు పనుల కింద బకింగ్‌హాం కాలువ తవ్వకం చేపట్టింది. మద్రాసును కృష్ణా కాలువలతో కలిపి పడవలు నడపడానికి సముద్రం వెంబడి తవ్విన కాలువ ఇది. పని దొరికింది కానీ, తోటి కూలీల మధ్య మేస్త్రీల చేతిలో మాదిగలు తిట్లూ దెబ్బలూ తిన్నారు. కూలిలోనూ కోతలు పడ్డాయి. ఈ మొరలు విన్న క్లౌ ప్రభుత్వం దగ్గర తానే కాంట్రాక్టు తీసుకున్నారు. తన వంతుకు వచ్చిన కాలువ మూడున్నర మైళ్లు.

రాజుపాలెం దగ్గర శిబిరం వేశారు. తాటాకు గుడిసెలు లేచాయి. మిన్నెసోటాలో నేర్చిన కొలతల విద్య ఇక్కడ అక్కరకొచ్చింది. ఆయన బోధకులే మేస్త్రీలయ్యారు. పలుగూ పారా తట్టా పట్టుకోగలిగిన ఎవరికైనా పని ఇచ్చారు. ఏ కులమని గానీ, ఏ మతమని గానీ అడగలేదు. కూలి సరిగ్గా చేతికందింది. బలహీనులై కొందరు చనిపోయారు. కలరా వచ్చి ఇంకొందరు పోయారు. పోయినవాళ్ల స్థానంలో కొత్తవాళ్లు వచ్చారు.

మధ్యాహ్నం తట్టలు దించి నీడన కూర్చున్నప్పుడు మేస్త్రీలు కూలీల పక్కనే కూర్చుని మాట్లాడేవాళ్లు. గద్దించని మేస్త్రీని అంతకు ముందు వాళ్లు చూడలేదు. ఎక్కడెక్కడి పల్లెలవాళ్లో ఈ మాటలు విని తమ ఊళ్లకు మోసుకుపోయారు. చాలామంది బాప్తిస్మం ఇమ్మని అడిగారు. క్లౌ ఒప్పుకోలేదు. కరువు కూలి ఇచ్చే చేతితోనే బాప్తిస్మం ఇస్తే అది నమ్మకమో ఆకలో తేల్చడం ఎవరివల్లా కాదని ఆయన లెక్క. 1877 నుంచి పదిహేను నెలలు ఇదే మాట మీద ఉన్నారు.

బొబ్బలెక్కిన చేతులు

1878 జూన్ నాటికి సాయం డబ్బు అయిపోయింది. ఇక తన దగ్గర ఇచ్చేందుకేమీ లేదని, సాయం కోరి ఎవరూ రావద్దని క్లౌ పల్లెలకు కబురు పంపారు. బోధకులను మాత్రం వెల్లంపల్లికి రమ్మన్నారు. ఒంగోలులో రోగాలు ఉన్నందున అక్కడ జనం గుమిగూడడం మంచిది కాదని ఏటి ఒడ్డును ఎంచుకున్నారు.

బోధకుల వెంట జనం వచ్చేశారు. వందలు కాదు, వేలు. క్లౌ వాళ్లను చూసి బెదిరిపోయారు. డబ్బు లేదని, తిండి లేదని, ఇళ్లకు వెళ్లిపొమ్మని చెప్పారు. వాళ్లు కదల్లేదు. తమకు సాయం అక్కర్లేదన్నారు. కాలువ తవ్వకంలో బొబ్బలెక్కిన చేతులు చూపించారు. ఊరికే తిన్నది లేదని, ఇక ముందూ కష్టపడే తింటామని, పంట పోయి చావవలసి వస్తే క్రైస్తవులుగానే చస్తామని చెప్పారు.

ఆ చేతులు చూశాక క్లౌ కాదనలేకపోయారు. పల్లెలవారీగా కూర్చోబెట్టారు. ఏ పల్లె బోధకుడు ఆ పల్లె మనుషులను గుర్తించాలి. కొత్త నమ్మకం ఎన్నాళ్లుగా ఉంది, నడత ఎలాంటిది అని విచారించాలి. తెలియనివాళ్లను, తేలనివాళ్లను పక్కన ఉంచాలి. ఇలా వడపోసి జాబితాలు తయారుచేశారు.

జులై 2న 614 మందికి బాప్తిస్మం జరిగింది. మర్నాడు, 3వ తేదీన, పొద్దున్నే మొదలైంది. ఏట్లో ఇద్దరు బోధకులు నిలబడి ఒక్కొక్కరినే ముంచి లేపారు. అలిసిపోతే వాళ్ల స్థానంలో ఇంకో ఇద్దరు దిగారు. మొత్తం ఆరుగురు వంతులవారీగా పనిచేశారు. ఒడ్డున గుమాస్తాలు జాబితా చూసి పేర్లు పిలిచారు. మధ్యాహ్నం ఎండలో కాసేపు ఆపి, మళ్లీ మొదలుపెట్టి పొద్దుగూకేదాకా సాగించారు. ఆ రోజు లెక్క 2,222. మూడు రోజులకు మూడున్నర వేలు దాటింది. ఆ ఏడాది ఆఖరుకు ఒంగోలు సంఘంలో పన్నెండు వేలకు పైగా సభ్యులున్నారు.

ఇంతమందికి బాప్తిస్మం ఇచ్చిన దొరగా క్లౌ పేరు లోకమంతా పాకింది. కానీ జులై 3న ఆయన తన చేత్తో ఒక్కరికీ బాప్తిస్మం ఇవ్వలేదు. నీళ్లలో నిలబడ్డ ఆరుగురూ ఆయన దగ్గర పనిచేసిన బోధకులే.

విమర్శలు, బరువులు

పేరుతోపాటు నిందలూ వచ్చాయి. అన్నం కోసం చేరినవాళ్లని ఇక్కడా అమెరికాలోనూ అన్నవాళ్లున్నారు. అంతమందిని ఇంత త్వరగా చేర్చుకోవడం తప్పని సాటి మిషనరీలే కొందరు తప్పుపట్టారు. ఆ పదిహేను నెలల వాయిదాయే క్లౌ దగ్గరున్న సమాధానం. కరువు తీరి పంటలు పండాక కూడా జనం వెనక్కిపోలేదు. 1883 నాటికి ఒంగోలు సంఘంలో ఇరవై వేలకు పైగా సభ్యులున్నారు. ప్రపంచంలోకెల్లా పెద్ద బాప్టిస్టు సంఘంగా దానికి పేరొచ్చింది.

విమర్శల్లో నిజం లేదనీ చెప్పలేం. వేలమందికి చదువు చెప్పేందుకు పంతుళ్లు లేరు. దూరపు పల్లెలకు బోధకుడు ఎప్పుడో గానీ పోలేకపోయేవాడు. సంఘంలో అత్యధికులు మాదిగలే కావడంతో, కులం పోవాలన్న బోధ ఒక కులం లోపలే మిగిలిపోయింది. క్లౌకు ఈ లోట్లు తెలుసు. 1890లో అమెరికా వెళ్లి పాతిక మంది మిషనరీలు, యాభై వేల డాలర్లు కావాలని ఊరూరా తిరిగి అడిగారు. అడిగినంతా సాధించారు. ఆ తర్వాత ఒంగోలు క్షేత్రాన్ని విడగొట్టి కనిగిరి, పొదిలి, కందుకూరు వంటి చోట్ల వేరే కేంద్రాలు పెట్టారు. పల్లెల్లో బడులు లేచాయి. అంతవరకు బడి గడప తొక్కనివ్వని ఇళ్ల పిల్లలు పలక పట్టారు, ఆడపిల్లలు కూడా. వాళ్లలో కొందరు పంతుళ్లయ్యారు, కొందరు నర్సులయ్యారు.

చివరి రోజులు

మొదటి భార్య హారియట్ మరణించాక 1894లో క్లౌ ఎమ్మా రౌషెన్‌బుష్‌ను పెళ్లి చేసుకున్నారు. ఆమె కూడా తెలుగు దేశంలో పనిచేసిన మిషనరీయే. మాదిగల పూర్వగాథలు, గురువుల సంగతులు వాళ్ల నోటి నుంచే విని 1899లో పుస్తకంగా అచ్చువేశారు. పేరయ్య కథ మనకు తెలియడానికి ముఖ్యకారణం ఆమె రాతలే. క్లౌ చెప్పిన జీవితకథను కూడా ఆమే రాసి, ఆయన పోయాక 1914లో ప్రచురించారు.

ముసలితనంలో ఆరోగ్యం చెడి క్లౌ 1910లో అమెరికా వెళ్లిపోయారు. అదే ఏడు నవంబరు 24న రోచెస్టర్ నగరంలో కన్నుమూశారు. వయసు 74 ఏళ్లు. ఒంగోలులో ఒక ఆసుపత్రికి ఆయన పేరు పెట్టారు, చర్చికి జ్యూయెట్ పేరు పెట్టారు.

వెల్లంపల్లి దగ్గర నీళ్లలో దిగినవాళ్లకు మాత్రం ఏ రాతిమీదా పేర్లు చెక్కలేదు. కరువులో కాలువ తవ్వి కూలి తీసుకున్నారు. కూలి ఆగిపోయాక, ఇక ఏమీ దొరకదని తెలిసి మరీ ఏటి దగ్గరకు నడిచి వచ్చారు. వాళ్ల మునిమనవలు ఇప్పుడు జిల్లాలో ఊరూరా ఉన్నారు.